తుప్పు వదిలించడం, గుర్తు మిగల్చడం

(రేడియో ప్రసంగ పాఠం)



నేను సింగపూర్‌లో జురాంగ్ ఈస్ట్‌లో ఉంటాను. ఉద్యోగం కంప్యూటర్లకు సంబంధించింది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పని చేసినా చేతికి తగిలే వస్తువు ఒక్కటీ తయారు కాదు. అందుకేనేమో, కొన్నేళ్ళుగా పాత సామాన్లు బాగుచేయడం అనే పిచ్చి ఒకటి పట్టుకుంది. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "వంటింటి వెనకున్న ఆ నాలుగడుగుల జాగా కూడా తుక్కుకొట్టు చేశారు." అందులో అబద్ధం ఏమీ లేదు.

ఈ పని గురించి మాట్లాడమని అడిగినప్పుడు, బాగా కుదిరిన వాటి గురించి చెబుదామా, పాడుచేసిన వాటి గురించి చెబుదామా అని ఆలోచించాను. పాడుచేసిన వాటితో మొదలుపెడితేనే మీకు ఉపయోగం. ఎందుకంటే మనలో చాలామంది ఇళ్ళల్లో ఊరినుంచి తెచ్చుకున్న వస్తువు ఏదో ఒకటి ఉంటుంది. అమ్మమ్మ మరచెంబో, నానమ్మ కత్తిపీటో, ఇత్తడి కాఫీ ఫిల్టరో. ఏదో ఒక ఆదివారం పూట దాన్ని తళతళలాడేలా చేద్దామని మీకూ బుద్ధి పుడుతుంది. ఆ ఆదివారం రాకముందే ఈ నాలుగు మాటలు వింటే మంచిది.

అమ్మమ్మ మిషను

మా అమ్మమ్మది తెనాలి. ఆవిడకి చేత్తో తిప్పే ఉషా కుట్టు మిషను ఒకటి ఉండేది. నల్లటి ఒళ్ళు, దానిమీద బంగారు రంగు పువ్వులు, అక్షరాలు. 1930లలో కలకత్తాలో జే ఇంజనీరింగ్ వర్క్స్ వాళ్ళు మొదలుపెట్టిన ఈ ఉషా మిషన్లు మన ఊళ్ళల్లో ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టాయో లెక్కలేదు. చుట్టుపక్కల వాళ్ళ జాకెట్లు, లంగాలు కుట్టి, ఆ డబ్బుతోనే మా అమ్మని డిగ్రీ దాకా చదివించింది అమ్మమ్మ.

ఆవిడ పోయాక ఆ మిషను నాలుగేళ్ళు మంచం కింద ఉంది. అమ్మేద్దామంటే మా అమ్మకి మనసొప్పలేదు. వాడేవాళ్ళూ లేరు. ఒకసారి సెలవులకి వెళ్ళినప్పుడు దాన్ని చెక్కపీటతో సహా సూట్‌కేసులో పెట్టి, చుట్టూ దుప్పట్లు కుక్కి ఇక్కడికి తెచ్చాను. పోత ఇనుము కదా, పచ్చళ్ళూ పొడులూ తెచ్చుకోవాల్సిన బరువంతా అదే తినేసింది.

చక్రం తిరగలేదు. పైనంతా పసుపుపచ్చటి జిడ్డు. కీబోర్డు తుడుచుకోవడానికి ఇంట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఉంది. కంప్యూటర్లకు పనికొచ్చింది, కుట్టు మిషనుకు పనికిరాదా అనుకున్నాను. దూదితో అద్ది గట్టిగా రుద్దాను. జిడ్డు బ్రహ్మాండంగా వదిలింది. దూది వంక చూస్తే బంగారు రంగు! అమ్మమ్మ మిషను మీద పువ్వులు దూదిలోకి వచ్చేశాయి. నేను గమనించేసరికి ఎడమవైపు తీగె మొత్తం, అక్షరాల్లో సగం పోయాయి.

ఎందుకలా అయిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. అలాంటి పాత మిషన్ల మీద బొమ్మలు అతికించి, అవి చెరిగిపోకుండా పైన ఒక పారదర్శకమైన పూత వేసేవారు. చాలావాటికి ఆ పూత షెల్లాక్, అంటే మన లక్క. పాండవుల కథలో ఇల్లు కట్టిన లక్కే. లక్క పురుగులు చెట్ల కొమ్మల మీద చేసే పదార్థాన్ని శుద్ధి చేస్తే షెల్లాక్ వస్తుంది. అది నీటికి పెద్దగా చలించదు కానీ ఆల్కహాలులో ఇట్టే కరిగిపోతుంది. అమోనియా ఉన్న అద్దాలు తుడిచే ద్రవాలు కూడా దాన్ని పాడుచేస్తాయి. పూత కరిగితే కింద ఉన్న బొమ్మకి రక్షణ ఏముంటుంది?

అలాంటి మిషన్ని తుడవడానికి కావలసింది కుట్టు మిషను నూనె, మెత్తటి నూలుగుడ్డ, ఓపిక. అంతే. ముందు కనపడని మూల ఒకచోట రుద్ది, గుడ్డకి రంగు అంటుతోందేమో చూసుకుని, తర్వాత ముందుకు వెళ్ళాలి. మేము ఆఫీసులో ఏ చిన్న మార్పు చేసినా ముందు వేరేచోట పరీక్షించి చూస్తాం. ఆ బుద్ధి ఇంటికొచ్చాక ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

నాలుగు నియమాలు

అప్పటినుంచీ నేను పాటించే నియమాలు నాలుగు.

మొదటిది, చెయ్యి పెట్టేముందు ఫొటోలు తీయడం. అన్ని వైపులనుంచీ, ఏ స్క్రూ ఎక్కడిదో తెలిసేలా. విప్పినవాటిని విప్పిన వరసలోనే చిన్న డబ్బాల్లో పెట్టుకుంటే తిరిగి బిగించడం సులువు.

రెండవది, అన్నిటికన్నా మెత్తటి ఉపాయంతో మొదలుపెట్టడం. ముందు పొడిగుడ్డ, తర్వాత నూనె, తర్వాత సబ్బునీళ్ళు, ఆ తర్వాతే పులుపు. గరుకు కాగితం అన్నిటికన్నా ఆఖరున. మురికిని ఎప్పుడైనా వదిలించుకోవచ్చు, అరగదీసిన లోహాన్ని తిరిగి తెచ్చుకోలేం.

మూడవది, రాని దాన్ని బలవంతపెట్టకపోవడం. బిగుసుకున్న స్క్రూకి నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి దానంతటదే దారికొస్తుంది. కోపంతో తిప్పితే తల విరుగుతుంది.

నాలుగవది, మురికి ఏదో, గుర్తు ఏదో అడిగి తెలుసుకోవడం. ఈ నియమం ఎలా వచ్చిందో చివర్లో చెబుతాను.

కుట్టు మిషను తిరగాలంటే

చాలా పాత మిషన్లు నిజానికి చెడిపోవు, బిగుసుకుపోతాయి. లోపల నూనె ఏళ్ళ తరబడి గాలికి గట్టిపడి బంకలా అవుతుంది. మన ఇళ్ళల్లో అవసరానికి కొబ్బరినూనె వేసేవారు కూడా. అది ఇంకా తొందరగా బంక అవుతుంది. నూనె రంధ్రాలన్నిటిలో కొంచెం కిరసనాయిలు వేసి, రాత్రంతా ఉంచి, మర్నాడు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కొంచెం వేడిచేసి, చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా కదిలించాలి. కిరసనాయిలు మండే స్వభావం ఉన్నది కాబట్టి డ్రయ్యరు పెట్టేముందు అది పూర్తిగా తుడిచి, ఆరనివ్వాలి. కిటికీలు తీసి ఉంచాలి. కిరసనాయిలు బంకని కరిగిస్తుంది కానీ ఇరుసులకి నూనె పని చేయదు. అందుకని చక్రం కదలగానే అసలు మిషను నూనె వేయడం మరిచిపోకూడదు.

తర్వాత షటిల్ తీసి చూడండి. దాని వెనక ఎప్పటివో దారం ముక్కలు చుట్టుకుని ఉంటాయి. దారాన్ని బిగించి పట్టే రెండు గుండ్రటి రేకుల మధ్య దూది చేరి ఉంటుంది. కండె చుట్టే చోట ఉన్న చిన్న రబ్బరు ఉంగరం రాయిలా గట్టిపడి ఉంటుంది. ఆ ఉంగరం చాలా చవక, ఇప్పటికీ దొరుకుతుంది. ఇక సూది. మా అమ్మమ్మ ఉషా లాంటి మామూలు నల్ల మిషన్లు చాలావరకు సింగర్ 15 రకం నమూనాలో చేసినవే. వాటికి 15x1 అనే కొలత సూది సరిపోతుంది. ఈనాటి ఇంటి మిషన్లకు అమ్మే సూది కూడా అదే! ఎనభై ఏళ్ళ నాటి యంత్రానికి కొత్త సూది మామూలు కొట్లో దొరుకుతోంది. నేను పదేళ్ళ కింద కొన్న ఫోనుకి చార్జరు దొరకదు.

ఇత్తడి సామాను

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. గాలి తగిలి నల్లబడేదీ, ఆకుపచ్చ చిలుము పట్టేదీ అందులోని రాగి వల్ల. మన పెద్దవాళ్ళు చింతపండుతో తోమడం వెనక మంచి రసాయన శాస్త్రం ఉంది. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం ఆ నల్లటి పొరని కరిగిస్తుంది, లోపలి లోహాన్ని అంతగా తినదు.

అయితే దీనికీ ఒక హద్దుంది. "బాగా నాననిద్దాం" అని రాత్రంతా పులుపులో వదిలేస్తే, తుత్తునాగం ముందు కరిగిపోయి, పైన రాగి మిగిలి, చెంబు గులాబీ రంగుకి తిరుగుతుంది. నిమిషాల్లో పని ముగించి, బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయాలి. ఉప్పు కలిపి తోమితే ఉప్పు పూర్తిగా పోయేదాకా కడగాలి, లేకపోతే మచ్చలు తేలతాయి. సింగపూర్‌లో గాలిలో తేమ ఏడాది సగటున 80 శాతం పైనే ఉంటుంది. తెనాలిలో నెల నిలిచే మెరుపు ఇక్కడ వారం నిలవదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇత్తడి గిన్నెలో పులుసో, చారో కాయాలంటే లోపల కళాయి ఉండాలి. కళాయి అంటే తగరం పూత. పులుపు రాగిని తాకకుండా అది అడ్డుపడుతుంది. కళాయి వేసేవాళ్ళు గిన్నె వేడిచేసి, నవసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో లోపలంతా ఒక్క ఊపున పూస్తారు. తగరం కరగడానికి 232 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడి చాలు కానీ, నవసాగరం నుంచి లేచే తెల్లటి పొగ ఫ్లాటులో వంటింటికి తగినది కాదు. ఇక్కడ ప్రయత్నించకండి. ఊరు వెళ్ళినప్పుడు వేయించుకోండి. సీసం కలపని స్వచ్ఛమైన తగరమే వాడమని గట్టిగా అడగండి. లోపల కళాయి అరిగి ఇత్తడి కనపడుతుంటే ఆ గిన్నె పూలకుండీగానో, అలంకారానికో ఉంచుకోవడం మేలు. బయట మెరిపించే పౌడర్లతో లోపల తోమితే ఉన్న కళాయి కూడా పోతుంది.

గిన్నెల మీద పేర్లు కొట్టించడం మన ఆచారం. పెళ్ళికి ఎవరు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో చుక్కలు చుక్కలుగా కొట్టిస్తారు. డ్రిల్లు మిషనుకి మెరుగుచక్రం తగిలించి అద్దంలా చేద్దామని ఉత్సాహపడితే ముందు పోయేది ఆ చుక్కలే. మా ఇంట్లో ఒక బిందె మీద మా ముత్తవ్వ పేరు ఉంది. ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆవిడ ఉన్నదనడానికి మా దగ్గర మిగిలిన రాత అదొక్కటే. ఆ చుట్టూ రెండంగుళాలు నేను వేలితో తప్ప దేనితోనూ తుడవను.

ఇనుప సామాను

కత్తిపీట, సుత్తి, పట్టకారు, రంపం లాంటివాటికి తుప్పు సమస్య. చెక్క భాగాలు వేరుచేయగలిగితే వేరుచేసి, లీటరు నీళ్ళకు ఒక యాభై గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ఇనుప భాగాన్ని అందులో ముంచండి. గంటకోసారి తీసి పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది చూస్తుండాలి. తుప్పు వదిలాక వంటసోడా నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. "తర్వాత రాద్దాం" అని టీ తాగి వచ్చేలోగా ఈ ఊళ్ళో కొత్త తుప్పు మొదలవుతుంది. తినే వస్తువులకు తగిలే కత్తిపీట లాంటివాటికి వంటనూనే రాయాలి, మిషను నూనె పనికిరాదు.

చెక్క పిడులకి అవిసెనూనె పట్టిస్తే బాగుంటుంది. కానీ ఆ నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలోపల ఆ వేడి పెరిగి గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. విప్పి పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో తడిపి పారేయాలి. అలాగే, తెల్లబరిచే బ్లీచింగు ద్రవాన్ని వినిగరుతో గానీ నిమ్మ ఉప్పుతో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువైన క్లోరిన్ వస్తుంది.

ముట్టుకోకూడనివి

పాత రేడియోలు, ఫ్యాన్లు, కరెంటు ఇస్త్రీ పెట్టెలు చూస్తే నాకూ చెయ్యి దురదపెడుతుంది. కానీ 230 వోల్టులతో ఆటలు వద్దు. పాత తీగెల మీది రబ్బరు పొడిపొడిగా రాలిపోతుంది. కొన్ని పాత ఇస్త్రీ పెట్టెల తీగెల్లో, వేడి తగిలేచోట ఆస్బెస్టాస్ వాడేవారు. దాన్ని విప్పి దులిపితే ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విద్యుత్తు వస్తువుల్ని పైపైన తుడిచి అలమారులో పెట్టుకోవడం, లేదా లైసెన్సు ఉన్న మనిషికి ఇవ్వడం మంచిది.

పెట్రోమాక్స్ దీపం ఉంటే, దాని పాత మాంటిల్‌ని చేత్తో నలపకండి. పాతకాలం మాంటిళ్ళలో థోరియం ఉండేది, అది కొద్దిగా రేడియో ధార్మికత గల పదార్థం. పాత బొమ్మలూ, పెట్టెల మీది రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా గీకి దుమ్ము లేపితే ప్రమాదం, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంట్లో. బొగ్గుల ఇస్త్రీ పెట్టె మాత్రం నిర్భయంగా చేసుకోవచ్చు. బాగుచేశాక బొగ్గులు వేసి చూడాలనే సరదా ఊళ్ళో తీర్చుకోండి, ఫ్లాటులో వద్దు.

ఈ ఊళ్ళో దొరికే చోట్లు

పాత సామాను అంటే ఒకప్పుడు సింగపూర్‌లో అందరూ సుంగై రోడ్డు సంత పేరే చెప్పేవారు. 1930లనుంచీ ఉన్న ఆ సంత 2017 జూలై 10న మూతపడింది. ఇప్పుడు బ్లాకుల కింద హారను మోగిస్తూ వచ్చి పాత కాగితాలు, సామాన్లు కొనే కారుంగుని వాళ్ళు ఉన్నారు. ఇళ్ళు మారేవాళ్ళు లిఫ్టు పక్కన వదిలేసేవీ ఉంటాయి. అయితే అడగకుండా తీసుకోకండి. ఎవరో పెయింటింగు పని అయ్యేదాకా బయటపెట్టిన కుర్చీ కావచ్చు.

ఒంటరిగా కుస్తీ పడనక్కర్లేదు కూడా. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినా పోస్ట్‌మా అనే ఆవిడ "రిపేర్ కెఫే" మొదలుపెట్టారు. ఇరుగుపొరుగు వాళ్ళు చెడిపోయిన వస్తువులు తెస్తారు, తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని నేర్పిస్తారు. అదే పద్ధతిలో 2014లో సింగపూర్‌లో సస్టెయినబుల్ లివింగ్ ల్యాబ్ వాళ్ళు "రిపేర్ కోపిటియామ్" పెట్టారు. కోపిటియామ్ అంటే ఇక్కడి వాడుకలో కాఫీ కొట్టు. ఈ దేశానికి చెత్త పూడ్చడానికి ఉన్నది ఒకే ఒక్క చోటు, సెమకావ్ దీవి. అది 2035 నాటికి నిండిపోతుందని ప్రభుత్వమే అంచనా వేసింది. ఒక మిషన్ని బాగుచేస్తే దీవి మిగిలిపోతుందని నేను అనను కానీ, పారేసేముందు ఒకసారి ఆలోచించే అలవాటు పిల్లలకి వస్తుంది.

రెండో మిషను

ఇప్పుడు నాలుగో నియమం గురించి.

అమ్మమ్మ మిషను పువ్వులు పోయినా, చక్రం తిరిగింది, కుట్టు పడింది. సంతోషంతో వీడియోలో అమ్మకి చూపించాను. పువ్వుల సంగతి ఆవిడ అడుగుతుందేమోనని ముందే నాలుగు సాకులు సిద్ధం చేసుకున్నాను. అమ్మ పువ్వుల వంక చూడనే లేదు. "ఏరా, పిడికి చుట్టిన గుడ్డ ఏదీ?" అంది.

చేత్తో తిప్పే చెక్క పిడికి నల్లగా జిడ్డోడుతున్న గుడ్డపేలిక ఒకటి చుట్టి ఉన్నమాట నిజమే. మొట్టమొదట విప్పి పారేసింది దాన్నే. చేతులు బొబ్బలెక్కుతుంటే అమ్మమ్మ చుట్టుకుందట. మా అమ్మ మొదటిసారి బడికి వేసుకెళ్ళిన గౌను ముక్కట అది. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "పోనీలే నాన్నా, తిరుగుతోందిగా" అని ఫోను పెట్టేసింది. ఆ రాత్రి నేను చెత్త పారేసే గొట్టం దాకా వెళ్ళి నిలబడి వచ్చాను. అప్పటికి మూడు వారాలైంది, అందులో ఏముంటుంది?

మరుసటి ఏడు మా అంతస్తులోనే ఉండే చైనీస్ ఆంటీ ఒకావిడ తన సింగర్ మిషను చూసిపెట్టమని అడిగింది. నంబరు ముందు ఇంగ్లీషు అక్షరాలు "ఇ"తో మొదలయ్యే జంట. అంటే స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో చేసిందన్నమాట. 1880లలో కట్టిన ఆ కర్మాగారం 1980లో మూతపడింది, మిషను మాత్రం జురాంగ్‌లో బతికే ఉంది. ఈసారి ముందు కుర్చీ వేసుకుని ఆవిణ్ణి కూర్చోబెట్టి అడిగాను. ఏది ఎవరు చేశారు, ఏది ఎందుకుంది అని. సూది కింద పలక మీద పాతబడి గోధుమ రంగుకి తిరిగిన టేపుముక్క ఒకటి అతికించి ఉంది. అది ఎందుకని అడిగితే, పక్కనున్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి యూనిఫారాలు కుట్టేటప్పుడు కుట్టు వంకరపోకుండా గీతలా పెట్టుకున్నానని చెప్పింది. జురాంగ్‌లో ఫ్యాక్టరీల పొగగొట్టాలు లేస్తున్న రోజుల సంగతి.

షటిల్ శుభ్రం చేశాను, రబ్బరు ఉంగరం మార్చాను, నూనెతో ఒళ్ళంతా తుడిచాను. పువ్వులన్నీ ఉన్నాయి. టేపు చుట్టూ తుడిచాను, టేపుని ముట్టుకోలేదు. తిరిగి ఇచ్చినప్పుడు ఆవిడ కొత్త సూదినీ చూడలేదు, మెరుస్తున్న చక్రాన్నీ చూడలేదు. గుడ్డముక్క ఒకటి పెట్టి, దాని అంచుని ఆ టేపుకి ఆనించి, చక్రం తిప్పింది. కుట్టు తిన్నగా పడింది.

అమ్మమ్మ మిషను మా హాల్లోనే ఉంది. మొన్న సెలవుల్లో అమ్మ వచ్చినప్పుడు తన పాత చీర అంచు చింపి పిడికి మళ్ళీ చుట్టింది. మా పాప దానితో బొమ్మకి గౌను కుడుతోంది. ఆ గుడ్డ కూడా కొన్నాళ్ళకి జిడ్డెక్కుతుంది. ఉతకడానికైనా విప్పవద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

మీ ఇంట్లో ఉన్న పాత వస్తువుని ఈ వారం ఒకసారి బయటికి తీయండి. తోమడానికి కాదు. దాన్ని వాడినవాళ్ళు ఇంకా ఉంటే ఫోను చేసి, దానిమీద ఉన్న ప్రతి సొట్ట గురించీ, ప్రతి గీత గురించీ అడగండి. తోమడం వచ్చేవారం పెట్టుకోవచ్చు.